ముందు చర్మం, తర్వాత తిండి: పసిపిల్లల ఆహార అలర్జీ ఎక్కడ మొదలవుతుంది

చలికాలం వచ్చి గాలిలో తేమ తగ్గగానే వరంగల్, కరీంనగర్, జగిత్యాల వైపు పిల్లల డాక్టర్ల దగ్గరికి ఒకే రకం బాధతో బిడ్డలను ఎత్తుకొచ్చే తల్లులు ఎక్కువవుతారు. మూడో నెలలోనో నాలుగో నెలలోనో బిడ్డ చెంపలు ఎర్రబడి, చెమ్మగిల్లి, పక్కు కడతాయి. చేతులకూ కాళ్లకూ బయటి వైపు గరుకు మచ్చలు లేస్తాయి. దురదకు తాళలేక బిడ్డ తలను పక్కబట్టకేసి రుద్దుకుంటూ రాత్రంతా నిద్రపోదు. ఈ చర్మవ్యాధినే ఎగ్జిమా అంటారు. ఇంట్లో పెద్దవాళ్లు దీనికి మూలాన్ని తిండిలో వెతుకుతారు. తల్లి ఏం తిన్నదో గుర్తు చేసుకొని కోడిగుడ్డు, చేపలు, వంకాయ, పుంటికూర, పల్లీలు ఒక్కొక్కటిగా మాన్పిస్తారు. అన్నప్రాశన అయ్యాక బిడ్డకు కూడా అదే పత్యం కొనసాగుతుంది. ఏడాది దాటాక ఎప్పుడో మొదటిసారి గుడ్డు పెట్టినప్పుడు పెదవులు వాచి, ఒళ్లంతా దద్దుర్లు లేచి, వాంతి అయితే, ఈ పిల్లకు గుడ్డు పడదని తాము ముందే అనుకున్నామని, ఆ గుడ్డు వల్లనే అప్పుడు చర్మం చెడిందని తీర్మానిస్తారు.

ఇందులో జరిగిన సంగతులన్నీ నిజమే. వాటి మధ్య కట్టిన సంబంధమే చాలాసార్లు తలకిందులుగా ఉంటుంది. గడిచిన ఇరవై ఏళ్లలో జన్యుశాస్త్రం, పిల్లల వైద్యం కలిసి తేల్చిన విషయం ఏమిటంటే, ఎక్కువ మంది పిల్లల్లో తిండి పడక చర్మం చెడదు. చర్మం ముందే బలహీనంగా ఉండటం వల్ల, దాని గుండా లోపలికి చేరిన ఆహారపు ప్రొటీన్లను శరీరం శత్రువులుగా గుర్తుపెట్టుకొని, తర్వాత అదే ఆహారం నోటి ద్వారా వచ్చినప్పుడు ఎదురుతిరుగుతుంది. ఈ వరుస అర్థం కాకపోతే, బిడ్డను కాపాడాలని చేసే పత్యమే అలర్జీని పెంచే ప్రమాదం ఉంది. అందుకే దీన్ని వివరంగా చెప్పుకోవడం అవసరం.

మన చర్మానికి అన్నిటికన్నా పైన ఉండేది చాలా పలుచని పొర. చనిపోయి చదునుగా మారిన కణాలు అందులో పాత ఇళ్ల మీది గూనపెంకుల్లా ఒకదాని మీద ఒకటి సర్దుకొని ఉంటాయి, వాటి సందుల్లో కొవ్వు పదార్థాలు నిండి ఉంటాయి. లోపలి నీరు బయటికి ఆవిరైపోకుండా, బయటి మురికి, సూక్ష్మజీవులు, పెద్ద అణువులు లోపలికి రాకుండా ఆపేది ఈ పొరే. ఆ కణాలు అలా చదునుగా, గట్టిగా మారడానికి ఫిలాగ్రిన్ అనే ప్రొటీన్ కావాలి. అది కణం లోపలి కెరటిన్ పోగులను దగ్గరకు లాగి కట్టగా చేస్తుంది. ఆ పని అయిపోయాక తానే విరిగి చిన్న చిన్న అమైనో ఆమ్లాలుగా, పైరోలిడోన్ కార్బాక్సిలిక్ ఆమ్లంగా, యూరోకానిక్ ఆమ్లంగా మారుతుంది. చర్మంలో తేమను పట్టి ఉంచేవి, పైపొరను కొద్దిగా ఆమ్లంగా ఉంచేవి ఈ ముక్కలే. ఆ ఆమ్లగుణం తగ్గితే, కణాల మధ్య బంధాలను తెంచే ఎంజైములు అవసరానికి మించి పనిచేసి పొరను ఇంకా వదులు చేస్తాయి. ఫిలాగ్రిన్ లోపిస్తే చర్మం పొడిబారడమే కాక ఎందుకు చిట్లుతుందో, స్టాఫిలోకోకస్ ఆరియస్ అనే సూక్ష్మజీవి దాని మీద ఎందుకు సులువుగా స్థిరపడుతుందో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఫిలాగ్రిన్‌ను తయారుచేసే ఎఫ్‌ఎల్‌జీ జన్యువు ఒకటో క్రోమోజోము మీద ఉంది. ఈ జన్యువులో ఒకే రకం భాగం పది నుంచి పన్నెండు సార్లు పునరావృతమవుతుంది, అందువల్ల దాన్ని చదవడం చాలాకాలం కష్టంగా ఉండేది. 2006లో స్కాట్లండ్‌లోని డండీ విశ్వవిద్యాలయంలో ఇర్విన్ మెక్‌లీన్ బృందం, ఐర్లండ్ చర్మవైద్యుడు అలన్ అర్విన్ తదితరులతో కలిసి, ఆ జన్యువు పనిచేయకుండా చేసే రెండు మార్పులను గుర్తించింది. వాటి పేర్లు ఆర్501ఎక్స్, 2282డెల్4. చేప పొలుసుల్లా చర్మం లేచే ఇక్తియోసిస్ వల్గారిస్ అనే జబ్బుకు కారణం ఈ మార్పులేనని, పిల్లల ఎగ్జిమాకు కూడా ఇవి బలమైన కారణమని ఆ ఏడాదే వెలువడిన రెండు పరిశోధనా పత్రాలు చూపించాయి. ఐరోపా మూలాలవారిలో ప్రతి పదిమందిలో దాదాపు ఒకరికి ఇలాంటి మార్పు ఏదో ఒకటి ఉంటుంది. జపాన్, చైనా జనాభాల్లో మార్పులు వేరు. 3321డెల్‌ఏ లాంటివి అక్కడ కనిపిస్తాయి. ఆఫ్రికా మూలాలవారిలో ఎగ్జిమా సాధారణమే అయినా ఈ జన్యువులో ఇలాంటి నష్టం అరుదు. ఒక జనాభాలో తేలిన జన్యు పరీక్షను తెచ్చి ఇంకో జనాభాకు ఉన్నదున్నట్టుగా వర్తింపజేయకూడదనడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు.

తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చొప్పున ఈ జన్యువు ప్రతులు రెండు ఉంటాయి. ఒక ప్రతి మాత్రమే చెడితే ఫిలాగ్రిన్ తగ్గుతుంది, చర్మం పొడిగా ఉంటుంది, చలికాలంలో మోకాళ్ల కింద పొలుసులు కనిపిస్తాయి. రెండూ చెడితే లక్షణాలు చాలా తీవ్రంగా ఉంటాయి. మేనమామ కూతురిని, మేనత్త కొడుకును చేసుకునే మేనరికాలు ఉన్న కుటుంబాల్లో ఒకే చెడిన ప్రతి రెండు వైపుల నుంచీ బిడ్డకు చేరే అవకాశం సహజంగానే ఎక్కువ. మేనరికం చేసుకున్నారని ఆ తల్లిదండ్రులను నిందించడానికి చెప్తున్న మాట కాదిది. డాక్టరు అడిగినప్పుడు ఆ సంగతి దాచకుండా చెప్పడం బిడ్డకు మేలు. అరచేతుల్లో గీతలు మామూలుకన్నా ఎక్కువగా, లోతుగా ఉండటం, భుజాల మీద గరుకు గింజలు ఉండటం ఈ లోపానికి గుర్తులు. పరికరం ఏదీ లేకుండానే వీటిని పట్టుకోవచ్చు.

మరికొన్ని జన్యు లోపాలు అరుదైనవి, కానీ అవి చెప్పే విషయం చాలా స్పష్టంగా ఉంటుంది. స్పింక్5 జన్యువు చెడినప్పుడు వచ్చే నెదర్టన్ సిండ్రోమ్‌లో, చర్మపు ఎంజైములకు అడ్డుకట్ట వేసే ప్రొటీన్ లేకుండా పోతుంది. పుట్టినప్పటి నుంచే ఒళ్లంతా ఎర్రగా పొలుసులు లేస్తాయి, వెంట్రుకలు మధ్యలో ఉబ్బి విరిగిపోతాయి, అనేక ఆహారాలకు తీవ్రమైన అలర్జీ వస్తుంది. కణాలను ఒకదానికొకటి కుట్టి ఉంచే డెస్మోగ్లీన్ 1 ప్రొటీన్ లోపించిన పిల్లల్లో కూడా అంతే. తీవ్రమైన చర్మవ్యాధి, అనేక అలర్జీలు, బరువు పెరగకపోవడం కలిసి వస్తాయని 2013లో వర్ణించారు. ఈ జన్యువులకు ప్రధానమైన పని చర్మంలోనే. అయినా బిడ్డకు తిండి పడకుండా పోతున్నదంటే, చర్మం నుంచి తిండికి ఒక దారి ఉన్నట్టే కదా.

ఆ దారి ఎలా ఉంటుందో చూద్దాం. ఆరోగ్యంగా ఉన్న చర్మం గుండా 500 డాల్టన్ల (డాల్టన్ అంటే అణువుల బరువుకు కొలమానం) కన్నా పెద్ద అణువులు దాటలేవని చర్మవైద్యులు ఒక లెక్కగా చెప్పుకుంటారు. పల్లీల్లో తీవ్రమైన అలర్జీ కలిగించే ఆరా హెచ్ 2 ప్రొటీన్ బరువు దానికి ముప్పై రెట్ల పైమాటే. మామూలు చర్మం మీద అది ఎంతసేపున్నా ఏమీ కాదు. పొర వదులైనచోట, గోకడం వల్ల చిట్లినచోట మాత్రం అది లోపలికి చొరబడుతుంది. అక్కడ లాంగర్‌హాన్స్ కణాలు కాపలా ఉంటాయి. గాయపడిన చర్మకణాలు అప్పటికే టీఎస్‌ఎల్‌పీ, ఐఎల్-33 అనే రసాయన సంకేతాలను విడుదల చేస్తూ ప్రమాదం ముంచుకొచ్చిందని చెప్తుంటాయి. ఆ సంకేతాల నడుమ ప్రొటీన్‌ను అందుకున్న లాంగర్‌హాన్స్ కణం దాన్ని లింఫ్ గ్రంథికి తీసుకుపోయి చూపిస్తే, రోగనిరోధక వ్యవస్థ ఒంట్లో చొరబడిన పురుగు మీద యుద్ధానికి సిద్ధమైనట్టే దాని మీదా సిద్ధమవుతుంది. టీహెచ్2 అనే రోగనిరోధక కణాలు ఐఎల్-4, ఐఎల్-13 అనే సంకేతాలను విడుదల చేస్తాయి, వాటి ప్రభావంతో బీ కణాలు అలర్జీకి మూలమైన ఐజీఈ ప్రతిరక్షకాలను తయారుచేస్తాయి, ఆ ఐజీఈ శరీరమంతటా ఉండే మాస్ట్ కణాలనే రోగనిరోధక కణాల మీద అతుక్కొని కూర్చుంటుంది. తర్వాత అదే ప్రొటీన్ నోటి ద్వారా వచ్చిన నిమిషాల్లోనే ఆ మాస్ట్ కణాలు హిస్టమిన్‌ను కుమ్మరిస్తాయి. దద్దుర్లు, వాపు, వాంతి, ఆయాసం దాని ఫలితమే.

ఇక్కడ పట్టించుకోవలసిన ఇంకో సంగతి ఉంది. ఐఎల్-4, ఐఎల్-13లు చర్మంలో ఫిలాగ్రిన్ తయారీని కూడా తగ్గిస్తాయి. ఎఫ్‌ఎల్‌జీ జన్యువు బాగానే ఉన్న బిడ్డకు సైతం, ఒకసారి ఎగ్జిమా ముదిరితే ఫిలాగ్రిన్ తగ్గి, పొర ఇంకా వదులవుతుంది. అప్పుడు జన్యువు చెడిన బిడ్డకూ ఈ బిడ్డకూ చర్మం దగ్గర పెద్ద తేడా ఉండదు. ఎగ్జిమాను 'పెరిగితే అదే పోతుందిలే' అని వదిలేయకూడదని నేను గట్టిగా నమ్మడానికి మొదటి కారణం ఇదే.

పేగుల్లో జరిగేది దీనికి పూర్తిగా వేరు. నోటి ద్వారా చేరిన కొత్త ప్రొటీన్‌ను పేగు గోడలోని ప్రత్యేక కణాలు అందుకొని, దాన్ని సహించమని చెప్పే టీ రెగ్యులేటరీ కణాలను తయారుచేయిస్తాయి. మనం రోజూ తినే వందల రకాల ప్రొటీన్ల మీద శరీరం యుద్ధం చేయకపోవడానికి కారణం ఈ ఏర్పాటే. ఒకే పల్లీ ప్రొటీన్ చర్మం గుండా ముందు పరిచయమైతే శత్రుత్వం, పేగు గుండా ముందు పరిచయమైతే సహనం ఏర్పడుతుందని లండన్ కింగ్స్ కాలేజీలోని పిల్లల అలర్జీ నిపుణుడు గిడియన్ లాక్ 2008లో ఒక సిద్ధాంతంగా ప్రతిపాదించాడు. పసివయసులో ఈ రెండు దారుల్లో ఏది ముందు తెరుచుకుంటుందనే దాని మీద చాలా ఆధారపడి ఉంటుంది.

ఆ సిద్ధాంతానికి పునాది అంతకు ఐదేళ్ల ముందే పడింది. ఇంగ్లండ్‌లోని ఏవన్ ప్రాంతంలో దాదాపు 14,000 మంది పిల్లలను పుట్టుక నుంచి గమనించిన అధ్యయనంలో, పల్లీ అలర్జీ వచ్చిన పిల్లలు పసితనంలో పల్లీ నూనె కలిసిన చర్మపు క్రీములు వాడినవారై ఉండటం, కారే పుండ్లతో కూడిన ఎగ్జిమా ఉన్నవారై ఉండటం 2003లో బయటపడింది. గర్భంతో ఉన్నప్పుడు తల్లి పల్లీలు తినడానికి, బిడ్డ అలర్జీకి మధ్య ఆ అధ్యయనంలో సంబంధం కనిపించలేదు. మన ఇళ్లలో గర్భిణులకు పెట్టే ఆంక్షలను తలచుకుంటే ఈ రెండో ఫలితానికి కూడా అంతే విలువ ఇవ్వాలి. 2011లో ఫిలాగ్రిన్ లోపం ఉన్న పిల్లలకు పల్లీ అలర్జీ అవకాశం ఐరోపా పిల్లల్లో ఐదు రెట్ల దాకా ఎక్కువని, ఎగ్జిమా ప్రభావాన్ని లెక్కలోంచి తీసేసినా ఆ సంబంధం పూర్తిగా పోదని తేలింది. 2014లో, ఇంటి దుమ్ములో ఉన్న పల్లీ ప్రొటీన్ పెరిగే కొద్దీ ఫిలాగ్రిన్ లోపం ఉన్న పిల్లల్లో మాత్రమే పల్లీ అలర్జీ పెరిగిందని, లోపం లేని పిల్లల్లో దుమ్ము ఎంతున్నా తేడా లేదని మాంచెస్టర్ పిల్లల అధ్యయనం చూపింది. జన్యువు ఒక్కటే చాలదని, దుమ్ము ఒక్కటే చాలదని, రెండూ ఒకే బిడ్డలో కలిసినప్పుడే ముప్పు అని ఇంత స్పష్టంగా చెప్పిన ఫలితం ఇంకొకటి నాకు తెలియదు.

పెద్దవాళ్లలో దీనికి ఒక విషాదకరమైన నిరూపణ జపాన్‌లో జరిగింది. గోధుమ ప్రొటీన్‌ను రసాయనికంగా విడగొట్టి కలిపిన ఒక ముఖం సబ్బును ఏళ్ల తరబడి వాడినవారిలో 2,000 మందికి పైగా గోధుమ అలర్జీ బారిన పడ్డారు. అంతకుముందు వాళ్లు గోధుమ పదార్థాలు మామూలుగా తిన్నవాళ్లే. ఆ సబ్బును 2011లో మార్కెట్ నుంచి వెనక్కి తీసుకున్నారు.

ఇక తిండి వైపు నుంచి వచ్చిన ఆధారాలు. 2000 సంవత్సరంలో అమెరికా పిల్లల వైద్యుల సంఘం, అలర్జీ ముప్పు ఉన్న పిల్లలకు గుడ్డు రెండేళ్ల దాకా, పల్లీలు మూడేళ్ల దాకా పెట్టవద్దని సలహా ఇచ్చింది. అలర్జీలు తగ్గలేదు. 2008లో ఆ సలహాను వెనక్కి తీసుకున్నారు. అదే ఏడాది లాక్ బృందం, బ్రిటన్‌లోని యూదు పిల్లల్లో పల్లీ అలర్జీ ఇజ్రాయెల్ యూదు పిల్లల కంటే పది రెట్లు ఎక్కువని, ఇజ్రాయెల్‌లో పసిపిల్లలు చిన్నప్పుడే పల్లీ పిండితో చేసిన చిరుతిండి తింటారని చూపింది. దాన్ని పరీక్షించడానికి 640 మంది పిల్లలతో లీప్ అధ్యయనం చేసి 2015లో ఫలితాలు ప్రకటించారు. తీవ్రమైన ఎగ్జిమానో, గుడ్డు అలర్జీనో, రెండూనో ఉన్న 4 నుంచి 11 నెలల పిల్లలను రెండు వర్గాలుగా చేసి, ఒక వర్గానికి వారానికి కనీసం 6 గ్రాముల పల్లీ ప్రొటీన్ పెట్టించారు, ఇంకో వర్గానికి పూర్తిగా మాన్పించారు. మొదట్లో చర్మ పరీక్షలో పల్లీకి స్పందన లేని పిల్లల్లో, మాన్పించినవారిలో 13.7 శాతం మందికి, తిన్నవారిలో 1.9 శాతం మందికి మాత్రమే ఐదేళ్ల వయసుకు పల్లీ అలర్జీ వచ్చింది. ఆ పిల్లలనే పన్నెండేళ్లు దాటాక మళ్లీ పరీక్షిస్తే కూడా రక్షణ నిలిచే ఉందని 2024లో తేలింది: మాన్పించిన వర్గంలో 15.4 శాతం, తిన్న వర్గంలో 4.4 శాతం. జపాన్‌లో ఎగ్జిమా ఉన్న పిల్లలకు ముందు చర్మాన్ని మందులతో పూర్తిగా అదుపులోకి తెచ్చి, ఆరో నెల నుంచి బాగా ఉడికించిన గుడ్డు పొడిని అతి కొద్దిగా పెట్టినప్పుడు గుడ్డు అలర్జీ 38 శాతం నుంచి 8 శాతానికి పడిపోయింది. పచ్చి గుడ్డు పొడితో చేసిన ఇతర ప్రయోగాల్లో చాలామంది పిల్లలకు రియాక్షన్లు వచ్చాయి. ఉడికించడం, చర్మాన్ని ముందు నయం చేయడం అనే ఈ రెండు అంశాలను పక్కన పెట్టి 'తొందరగా గుడ్డు పెట్టండి' అని మాత్రమే చెప్పడం సగం నిజం చెప్పడమే.

ఇంతవరకు విన్నాక, పుట్టిన ప్రతి బిడ్డకూ రోజూ క్రీము పూస్తే సరిపోతుంది కదా అనిపిస్తుంది. ఆ ఆలోచనను కూడా పరీక్షించారు. బ్రిటన్‌లో 1,394 మంది శిశువులతో జరిగిన బీప్ అధ్యయనంలో, నార్వే, స్వీడన్లలో జరిగిన ప్రివెంట్ అడాల్ అధ్యయనంలో, మొదటి ఏడాది రోజూ తేమ క్రీములు లేదా నూనె స్నానాలు వాడినా ఎగ్జిమా తగ్గలేదని 2020లో తేలింది. బీప్‌లో క్రీము వాడిన పిల్లలకు చర్మపు ఇన్ఫెక్షన్లు కొంత పెరిగాయి కూడా. అయితే అప్పటికే ఎగ్జిమా వచ్చిన పసికందులకు మొదటి మూడు నెలల్లోనే స్టిరాయిడ్ క్రీములతో గట్టిగా చికిత్స చేసిన జపాన్ పరిశోధకులు, గుడ్డు అలర్జీ 42 శాతం నుంచి 31 శాతానికి తగ్గినట్టు 2023లో చెప్పారు. కానీ ఎక్కువ స్టిరాయిడ్ వాడిన ఆ పిల్లల బరువు కొద్దిగా తగ్గిందని కూడా నిజాయితీగా రాశారు. నా దృష్టిలో వీటన్నిటి సారం ఇది: ఆరోగ్యంగా ఉన్న చర్మానికి ఏదో ఒకటి పూస్తూ ఉండనవసరం లేదు, చెడిన చర్మాన్ని చెడిన వెంటనే వైద్యుడి పర్యవేక్షణలో నయం చేయాలి.

ఇప్పుడు మన ఇళ్లలోకి వద్దాం. బిడ్డ పుట్టిన కొద్ది రోజుల నుంచే నాయనమ్మో, అమ్మమ్మో, నీళ్లు పోయడానికి వచ్చే ఆమెనో ఒంటికి నూనె పట్టించి, శనగపిండితోనో పెసరపిండితోనో నలుగు పెడతారు, పుట్టు నూగు పోవాలని పిండి ముద్దతో గట్టిగా రుద్దుతారు, కొన్ని ఇళ్లలో పాల మీగడ కలుపుతారు. ప్రేమతో చేసే పని అది. ఆరోగ్యంగా ఉన్న చర్మం చాలావరకు తట్టుకుంటుంది. కానీ ఎగ్జిమాతో చెంపలు కారుతున్న బిడ్డకు శనగ, పెసర, పాల ప్రొటీన్లను గరుకుగా రుద్దడమంటే, పైపొరను ఇంకా చీల్చి, ఆహారపు ప్రొటీన్లను నోటి కన్నా ముందు చర్మానికి పరిచయం చేయడమే. ఇంగ్లండ్ పల్లీ నూనె క్రీములను, జపాన్ సబ్బును చూశాక, ఎగ్జిమా ఉన్న బిడ్డకు నలుగు ఆపాలనే నేను చెప్తాను. పిల్ల ఒంటి మీది పుట్టు నూగు కొన్ని వారాల్లో, నెలల్లో దానంతట అదే రాలిపోతుంది.

నూనె విషయం మరికొంత జాగ్రత్తగా చూడాలి. శుద్ధి చేసిన నూనెల్లో ప్రొటీన్ దాదాపు ఉండదు. గానుగ నూనెల్లో ఉంటుంది. హన్మకొండలో, కరీంనగర్‌లో వీధివీధినా గానుగలు వెలిసిన ఈ రోజుల్లో, పల్లి నూనెనూ నువ్వుల నూనెనూ వంటకు వాడుకోవడం మంచిదే, కానీ చిట్లిన పసి చర్మానికి అవి తగవు. ఆలివ్ నూనె పెద్దవాళ్ల చర్మపు పొరను సైతం బలహీనపరుస్తుందని 2013లో ఒక ప్రయోగంలో తేలింది; పొద్దుతిరుగుడు నూనెకు ఆ దోషం కనిపించలేదు. బంగ్లాదేశ్‌లో నెలలు నిండకుండా పుట్టిన శిశువులకు పొద్దుతిరుగుడు నూనె పూసినప్పుడు ఆస్పత్రి ఇన్ఫెక్షన్లు తగ్గాయి. కొబ్బరి నూనె పిల్లల ఎగ్జిమాలో ఖనిజ నూనె కన్నా మెరుగ్గా పనిచేసిందని ఫిలిప్పీన్స్ వైద్యులు చూపారు. వాసన లేని సాదా పెట్రోలియం జెల్లీ అన్నిటికన్నా చవక, అందులో ఆహారపు ప్రొటీన్ ఏదీ ఉండదు. ఏది పూసినా శుభ్రమైన చేతులతో, వంటింట్లో గుడ్డు పగలగొట్టిన చేతులు కడుక్కున్నాకే పూయాలి.

నీళ్ల సంగతి కూడా చెప్పాలి. మన పల్లెల్లో చాలా బోర్ల నీళ్లు కఠినమైనవి. కఠినమైన నీళ్లున్న ప్రాంతాల్లో పసిపిల్లల ఎగ్జిమా ఎక్కువగా ఉంటుందని బ్రిటన్‌లో చూశారు, అలాంటి నీళ్లలో సబ్బు నురుగు పదార్థం చర్మం మీద ఎక్కువగా పేరుకుంటుందని, ఫిలాగ్రిన్ లోపం ఉన్నవారికి దానివల్ల చికాకు ఎక్కువని ప్రయోగాల్లో తేలింది. అయితే ఇంటి నీటిని మెత్తబరిచే యంత్రాలు పెట్టి చూస్తే అప్పటికే ఉన్న ఎగ్జిమా తగ్గలేదు. అందుకని ఖరీదైన యంత్రం కొనే పని లేదు. గోరువెచ్చని నీళ్లు, కొద్దిపాటి స్నానం, సబ్బు తక్కువ, స్నానం అయిన వెంటనే తేమ క్రీము చాలు.

మందుల షాపులో అడిగితే ఇచ్చే, స్టిరాయిడ్, యాంటీబయోటిక్, ఫంగస్ మందు మూడూ కలిపిన ట్యూబులను బిడ్డ ముఖానికి పూయడం మన దగ్గర మామూలైపోయింది. నాలుగు రోజులు మెరుపు కనిపించి, మానగానే ఇంకా తీవ్రంగా తిరగబెడుతుంది, చర్మం పలుచబడుతుంది. దాన్ని చూసి భయపడి, డాక్టరు లెక్కగా రాసిన తేలికపాటి స్టిరాయిడ్ క్రీమును కూడా వాడకుండా పారేసేవాళ్లున్నారు. ఈ రెండు తప్పుల మధ్య చర్మం నెలల తరబడి తెరుచుకునే ఉంటుంది.

భారతదేశంలో పరిస్థితి వేరని చెప్పే అంకెలు కూడా ఉన్నాయి, వాటిని దాచకూడదు. కర్ణాటకలో బెంగళూరు, మైసూరు ప్రాంతాల్లో పెద్దవాళ్ల మీద జరిగిన సర్వేలో, 26.5 శాతం మంది రక్తంలో ఏదో ఒక ఆహారానికి ఐజీఈ కనిపించింది, కానీ నిజంగా అలర్జీ ఉండే అవకాశం ఉన్నవారు 1.2 శాతమే. రక్తపరీక్షలో ఐజీఈ ఉండటానికీ తింటే రియాక్షన్ రావడానికీ ఎంత దూరమో ఈ అంకెలే చెప్తున్నాయి. డయాగ్నస్టిక్ సెంటర్లలో వేల రూపాయలు తీసుకొని వంద ఆహారాలకు ఒకేసారి పరీక్ష చేసి, ముప్పైకి 'పాజిటివ్' అని కాగితం చేతిలో పెట్టినప్పుడు, ఆ ముప్పై మాన్పించేసే తల్లిదండ్రులు ఈ తేడాను గుర్తుంచుకోవాలి. మరోవైపు, ఆస్ట్రేలియాలో పుట్టిన ఆసియా తల్లిదండ్రుల పిల్లల్లో నట్ (పల్లీ, జీడిపప్పు లాంటి గింజల) అలర్జీ ఎక్కువగా ఉందని, ఆసియాలోనే పుట్టి తర్వాత అక్కడికి వెళ్లిన పిల్లల్లో తక్కువని మెల్‌బోర్న్ పరిశోధకులు చూపారు. జన్యువులు ఒకటే, పసితనం గడిచిన చోటు వేరు. తక్కువ అలర్జీ మన రక్తంలో రాసిపెట్టి ఉన్న వరమేమీ కాదు.

మన దగ్గర ఇప్పటిదాకా ఉన్న రక్షణలో కొంత భాగం మన తిండి పద్ధతిలోనే ఉందని నేను అనుకుంటున్నాను. ఆరో నెల నిండగానే బియ్యం, పెసరపప్పు వేయించి విసిరిన ఉగ్గు పెట్టే అలవాటు, ఇంటిల్లిపాదీ తినే పప్పూ పెరుగూ మెత్తగా పిసికి పెట్టడం మంచి పద్ధతులు. తెలంగాణలో అంగన్‌వాడీలు ఏడో నెల నుంచి ఇచ్చే బాలామృతంలో గోధుమ, శనగపప్పు, పాలపొడి ఉంటాయి. కోడిగుడ్లు కూడా ఇస్తారు. పోషణ కోసం పెట్టిన పథకమే అయినా, అలర్జీ కలిగించే ప్రధాన ఆహారాల్లో కొన్నింటిని సరైన వయసులో బిడ్డ నోటికి చేర్చే ఏర్పాటు అది. ఎగ్జిమా ఉన్న బిడ్డ తల్లి ఆ పొట్లాన్ని పక్కన పెట్టి, డబ్బా పొడి ఒక్కటే పెట్టడం నాకు బాధ కలిగించే విషయం. పల్లీలను గింజలుగా ఐదేళ్ల లోపు పిల్లలకు పెట్టకూడదు, గొంతుకు అడ్డం పడతాయి. మెత్తగా నూరి, గోరువెచ్చని నీళ్లలోనో జావలోనో పలుచగా కలిపి, చెంచాతో మొదలుపెట్టాలి. గుడ్డును గట్టిగా ఉడికించాలి. ఎగ్జిమా తీవ్రంగా ఉన్న బిడ్డకు, ఇంతకుముందు ఏ ఆహారంతోనైనా దద్దుర్లు వచ్చిన బిడ్డకు మాత్రం మొదటి చెంచా ఇంట్లో కాకుండా పిల్లల డాక్టరు సలహాతో పెట్టాలి. లీప్ అధ్యయనంలో కూడా చర్మ పరీక్షలో స్పందన ఎక్కువగా ఉన్న పిల్లలను చేర్చుకోలేదు. ఒకసారి మొదలుపెట్టాక వారానికి రెండు మూడుసార్లు కొనసాగించాలి. ఒక్కరోజు రుచి చూపించి నెలలు ఆపితే సహనం నిలవదు.

అప్పటిదాకా హాయిగా తింటున్న ఆహారాన్ని ఎగ్జిమా పేరుతో ఆపడం ఇంకా ప్రమాదకరం. 2016లో అమెరికా వైద్యులు, ఎగ్జిమా ఉండి, ముందెప్పుడూ తక్షణ రియాక్షన్ రాని పిల్లల్లో, పత్యం పెట్టాక 19 శాతం మందికి కొత్తగా తక్షణ రియాక్షన్లు రావడం గమనించారు. చర్మం గుండా పరిచయం కొనసాగుతున్నది, నోటి ద్వారా సహనం నేర్పే దారి మూతపడింది, ఫలితం అదే. పైగా గుడ్డూ పాలూ పల్లీలూ మానిన పసిబిడ్డ బరువు తగ్గుతుంది, పాలిచ్చే తల్లి నీరసిస్తుంది.

ఇంత చెప్పినా నిజమైన అలర్జీ ఉన్న పిల్లలు ఉన్నారు, వాళ్లకు ఆ ఆహారం మాన్పించక తప్పదు. తిన్న నిమిషాల నుంచి రెండు గంటల్లోపు పెదవులు, కళ్లు వాచి, దద్దుర్లతో పాటు ఆయాసం, గొంతు బొంగురుపోవడం, పదేపదే వాంతులు, సొమ్మసిల్లడం కనిపిస్తే నిమ్మరసం, మజ్జిగ పట్టిస్తూ చూడకుండా 108కి ఫోన్ చేయాలి. తొడ కండరంలో ఇచ్చే అడ్రినలిన్ ఇంజెక్షనే అప్పుడు ప్రాణం నిలుపుతుంది. దురదకు, దద్దుర్లకు వాడే సిట్రిజిన్ సిరప్ దానికి బదులు కాదు.

ఇంట్లో పెద్ద పిల్లకు తీవ్రమైన ఎగ్జిమా, అలర్జీ ఉన్నప్పుడు రెండో కాన్పు దగ్గర పడుతుంటే తల్లిదండ్రులు జన్యు పరీక్ష గురించి అడుగుతారు. నెదర్టన్ లాంటి అరుదైన, తీవ్రమైన జబ్బు అనుమానం ఉంటే జన్యు నిపుణులను కలవడం తప్పనిసరి. మామూలు ఫిలాగ్రిన్ లోపానికి మాత్రం పరీక్ష వల్ల చికిత్స ఏమీ మారదు, ఆ లోపం ఉన్నవారిలో ఎక్కువమందికి ఎగ్జిమా రానే రాదు. ఆ డబ్బుతో నాలుగు డబ్బాల తేమ క్రీము కొనుక్కోవచ్చు. గర్భంలో, బాలింతగా ఉన్నప్పుడు తల్లి మామూలుగా తినాలి. పుట్టిన బిడ్డ చెంపల మీద మొదటి ఎర్ర మచ్చ కనిపించిన వారంలోనే చర్మవైద్యుడికో పిల్లల వైద్యుడికో చూపించాలి, నలుగు మానాలి, ఆరో నెల నిండాక ఉగ్గుతో పాటు గుడ్డునూ పల్లీ జావనూ మొదలుపెట్టాలి.